తనంతట తాను సర్దుకునే సాఫ్ట్‌వేర్: చూసినదాన్ని ఎంతవరకు నమ్మాలి?

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్తూ ఫోన్‌లో ఒక ఉపన్యాసం చూస్తున్నాను. జనగామలో బండి ఆగినప్పుడు వక్త వెనకాల బోర్డు మీది అక్షరాలు కూడా స్పష్టంగా కనపడ్డాయి. బండి కదిలి ఊరు దాటిన కాసేపటికి ఆ అక్షరాలు అలుక్కుపోయాయి, వక్త ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోయింది, కానీ మాట మాత్రం ఎక్కడా తెగలేదు. ఆలేరు దగ్గరపడేసరికి బొమ్మ మళ్ళీ తేటపడింది. ఈ మధ్యలో నేను తెర మీద వేలు కూడా పెట్టలేదు. బొమ్మ చెడినా పర్వాలేదు, మాట ఆగకూడదన్న నిర్ణయం నా ఫోన్‌లోని వీడియో ప్లేయర్ తీసుకుంది. సిగ్నల్ తగ్గిందని గమనించింది, ఇంకా తగ్గవచ్చని లెక్క వేసింది, ముందుజాగ్రత్తగా నాణ్యత దించింది, ప్రమాదం తప్పిందనుకున్నాక మెల్లగా పెంచింది.

ఇలా చుట్టూ ఉన్న పరిస్థితిని గమనించి, దానికి తగ్గట్టు తన నడతను తానే మార్చుకునే సాఫ్ట్‌వేర్‌ను ఎలా రూపొందించాలన్నది కంప్యూటర్ శాస్త్రంలో కొన్ని దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న. ఒకే కార్యాలయంలో, ఒకే సర్వర్‌కు తీగలతో కలిపిన ఇరవై కంప్యూటర్ల కోసం ప్రోగ్రామ్ రాసేవారికి ఈ ప్రశ్న పెద్దగా ఎదురుకాదు, ఎందుకంటే తీగ వేగం, యంత్రాల శక్తి, వాడేవాళ్ళ సంఖ్య అన్నీ వారికి ముందే తెలుసు. ఇంటర్నెట్ అలాంటి చోటు కాదు. అక్కడ మన ప్రోగ్రామ్‌కూ అవతలి సర్వర్‌కూ మధ్య ఉన్న టవర్లు, రౌటర్లు, తీగలు వేర్వేరు సంస్థలవి. వాటి మీద మనతో పాటు ఇంకెవరు ఉన్నారో, వాళ్ళు మరుక్షణం ఏం చేస్తారో మనకు తెలియదు. ఈ రకం సాఫ్ట్‌వేర్ గురించి రాసేవాళ్ళు సాధారణంగా మార్పు గురించే ఎక్కువ మాట్లాడతారు. నిజానికి మార్చడం అంత కష్టమేమీ కాదు. నా ప్లేయర్ చేసిందల్లా తర్వాతి ముక్కను ఒక ఫైలు బదులు ఇంకో ఫైలు నుంచి తెప్పించుకోవడమే. దేన్ని చూసి మార్చాలి, ఆ చూసినదాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నచోటే అసలు చిక్కంతా ఉంది.

నాలుగు వందల గజాల దూరం

ఈ చిక్కు మొదటిసారి పెద్ద ఎత్తున బయటపడింది 1986 అక్టోబరులో, అమెరికాలోని బర్క్‌లీలో. అక్కడి లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం సుమారు 400 గజాలు. ఆ రెండింటి మధ్య సెకనుకు 32 వేల బిట్లు పారే లైను ఉన్నట్టుండి 40 బిట్లకు పడిపోయింది, అంటే 800వ వంతుకు. ఏ తీగా తెగలేదు, ఏ యంత్రమూ పాడవలేదు. నెట్‌వర్క్‌లో రద్దీ పెరిగి రౌటర్ల దగ్గర ప్యాకెట్లు, అంటే సమాచారాన్ని కోసి పంపే చిన్న మూటలు, బారులు తీరాయి. కొన్ని ఆలస్యమయ్యాయి, కొన్ని చోటు చాలక పారవేయబడ్డాయి. పంపిన కంప్యూటర్లు సమాధానం రాలేదు కాబట్టి పోయాయనుకుని అవే ప్యాకెట్లను మళ్ళీ పంపాయి. దాంతో రద్దీ ఇంకా పెరిగింది, ఇంకా ఎక్కువ పోయాయి, ఇంకా ఎక్కువ మళ్ళీ పంపాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు. ప్రతి కంప్యూటరూ తనకు రాసిచ్చిన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. దారి ఎలా ఉందో చూసుకోమని ఆ నియమంలో లేకపోవడమే లోపం.

వాన్ జేకబ్సన్, మైక్ కారెల్స్ అనే పరిశోధకులు కలిసి దీనికి కనుక్కున్న మందును 1988లో ప్రచురించారు. కొత్తగా మొదలుపెట్టిన కంప్యూటర్ ఒకేసారి గుమ్మరించకుండా కొద్ది ప్యాకెట్లతో మొదలుపెట్టాలి. అందినట్టు కబురు వచ్చేకొద్దీ పెంచుకుంటూ పోవాలి. ఒక స్థాయి దాటాక పెంపు మెల్లగా, ఒక్కో విడతకు ఒక్కో ప్యాకెట్ చొప్పున ఉండాలి. ప్యాకెట్ పోయినట్టు తేలితే మాత్రం వేగాన్ని ఒక్కసారిగా తగ్గించుకోవాలి. మెల్లగా పెరగడం, గబుక్కున తగ్గడం అనే ఈ అసమానత కావాలని పెట్టిందే. ఈ పద్ధతి పాటించే ఇద్దరు ఒకే దారిని పంచుకుంటే, ఒకరితో ఒకరు మాట్లాడుకోకపోయినా కాలక్రమాన ఇద్దరికీ దాదాపు సమాన వాటా దక్కుతుందని 1989లో చియు, జైన్ అనే పరిశోధకులు గణితంతో చూపించారు. ఇందులో రౌటర్లను అడిగింది ఏమీ లేదు, ఏ కేంద్ర అధికారీ లేడు. నెట్‌వర్క్ పరిస్థితిని పంపేవాళ్ళే, వచ్చే కబుర్ల తీరునుబట్టి ఊహించుకుంటారు. తనంతట తాను సర్దుకునే సాఫ్ట్‌వేర్ అంటే ఏదో భవిష్యత్తు వ్యవహారం అనుకునేవారికి నేను ముందుగా చూపించేది దీన్నే. ఈ వ్యాసం మీ తెర మీదికి వచ్చిన దారిలో కూడా దీని వారసుల్లో ఒకటి పనిచేసే ఉంటుంది.

ఆ పరిష్కారంలో పెద్దగా ప్రచారం కాని భాగం ఇంకొకటి ఉంది. సమాధానం కోసం ఎంతసేపు ఆగాలి? తక్కువసేపు ఆగితే పోని ప్యాకెట్‌ను పోయిందనుకుంటాం; ఎక్కువసేపు ఆగితే పోయినదాని కోసం కాలం వృథా. అందుకని వెళ్ళివచ్చే సమయానికి ఒక సగటు ఉంచుకుంటారు. ఇప్పటి ప్రమాణం ప్రకారం కొత్తగా వచ్చిన ప్రతి కొలతకూ ఆ సగటులో ఎనిమిదో వంతు విలువే ఇస్తారు, మిగతా ఏడు వంతులూ పాత అనుభవానివి. సగటు ఒక్కటే కాకుండా కొలతలు ఎంత అటూఇటూ ఊగుతున్నాయో కూడా లెక్కిస్తారు, సగటుకు ఆ ఊగిసలాటను నాలుగు రెట్లు చేసి కలిపి అంతసేపు ఆగుతారు. దారి నిలకడగా ఉంటే ఓపిక తక్కువ సరిపోతుంది, దారి తికమకగా ఉంటే ఓపిక ఎక్కువ కావాలి. తన కొలత మీద తనకెంత నమ్మకం ఉందో కూడా ఈ ప్రోగ్రామ్ కొలుచుకుంటోందన్నమాట. నా దృష్టిలో మంచి రూపకల్పనకు ఇది మొదటి గుర్తు.

ఇక్కడే ఫిల్ కార్న్ అనే ఇంజనీరు ఒక మెలిక గమనించాడు. ప్యాకెట్‌ను ఒకసారి పంపాం, సమాధానం రాలేదు, రెండోసారి పంపాం, వెంటనే సమాధానం వచ్చింది. ఆ సమాధానం మొదటిదానికా, రెండోదానికా? మొదటిదానికైతే దారి చాలా నెమ్మదిగా ఉన్నట్టు, రెండోదానికైతే చాలా వేగంగా ఉన్నట్టు. చూసి చెప్పడానికి ఆధారం లేదు. కార్న్ 1987లో సూచించిన ఉపాయం, రెండోసారి పంపిన ప్యాకెట్ల నుంచి కొలతే తీసుకోవద్దని, మళ్ళీ పంపేటప్పుడు ఆగే గడువును పెంచుతారు కాబట్టి, స్పష్టమైన కొలత దొరికేవరకు ఆ పెంచిన గడువునే కొనసాగించాలని. అనుమానం ఉన్న సాక్ష్యాన్ని సగం నమ్మి లెక్కలో కలపకుండా పూర్తిగా పక్కన పెట్టడం కూడా ఒక నిర్ణయమేనని ఈ చిన్న నియమం నేర్పుతుంది. చాలా ప్రోగ్రాములు అంకె కనపడితే చాలు, దాన్ని సగటులో కలిపేసుకుంటాయి. ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టుంటుంది ఆ వ్యవహారం.

ఇంత జాగ్రత్తగా కట్టిన పద్ధతి కూడా కాలం మారేసరికి తడబడింది. ప్యాకెట్ పోయిందంటే దారిలో రద్దీ ఉన్నట్టే అన్న ఊహ తీగల నెట్‌వర్కుల్లో చాలావరకు నిజం. వైర్‌లెస్ వచ్చాక సిగ్నల్ చెదిరినా ప్యాకెట్ పోతుంది. అప్పుడు దారి ఖాళీగానే ఉంటుంది, పంపేవాడు మాత్రం రద్దీ అనుకుని వేగాన్ని తగ్గించుకుని కూర్చుంటాడు. దీనికి పూర్తిగా ఎదురు సమస్య ఇంకొకటి, 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు దాన్ని వెలుగులోకి తెచ్చాడు. మెమరీ చవక కావడంతో తయారీదారులు రౌటర్లలో భారీ నిల్వలు పెట్టారు. రద్దీ వచ్చినా ప్యాకెట్లు పోకుండా ఆ నిల్వల్లో సెకన్ల తరబడి వేచి ఉండసాగాయి. ప్యాకెట్ పోతే తప్ప రద్దీని గుర్తించలేని ప్రోగ్రాము అంతా బాగుందనుకుని ఇంకా తోసింది. ఒకచోట రద్దీ లేకుండానే గుర్తు కనపడింది, ఇంకోచోట రద్దీ ఉన్నా గుర్తు కనపడలేదు. 2016లో గూగుల్ ఇంజనీర్లు ప్రకటించిన బీబీఆర్ అనే పద్ధతి, ప్యాకెట్లు పోవడాన్ని ప్రధాన సాక్ష్యంగా తీసుకోవడం మానేసి, దారి మోయగల వేగాన్నీ అతి తక్కువ ప్రయాణ సమయాన్నీ అంచనా వేయడం మొదలుపెట్టింది. మార్పు చేసే భాగం కంటే, పరిస్థితిని అర్థం చేసుకునే భాగమే ఇక్కడ తిరగరాయాల్సి వచ్చింది.

నాలుగు పనులు, ఒక జ్ఞాపకం

ఇలాంటి ప్రోగ్రాములన్నిటికీ ఒక సాధారణ ఆకృతి గీసే ప్రయత్నం 2001లో ఐబీఎం నుంచి వచ్చింది. ఆ సంస్థ పరిశోధన విభాగాధిపతి పాల్ హార్న్, మనం తలచుకోకుండానే గుండె వేగాన్ని, చెమటను సర్దే నాడీవ్యవస్థలాగా కంప్యూటర్లు కూడా తమను తాము చూసుకోవాలని ప్రతిపాదించాడు. 2003లో కెఫార్ట్, చెస్ రాసిన వ్యాసంతో ఆ ఆలోచనకు స్థిరమైన బొమ్మ ఏర్పడింది: గమనించడం, విశ్లేషించడం, పథకం వేయడం, అమలు చేయడం అనే నాలుగు పనులు చక్రంలా తిరుగుతుంటాయి, ఆ నాలుగూ పంచుకునే జ్ఞానం మధ్యలో ఉంటుంది. దాదాపు అదే కాలంలో చైనా పరిశోధకులు, ఇంటర్నెట్ మీద చెల్లాచెదురుగా ఉన్న స్వతంత్ర భాగాలు పరిస్థితిని బట్టి కలిసి పనిచేసే తీరుకు ఇంటర్నెట్‌వేర్ అనే పేరు పెట్టి పెద్ద పరిశోధన చేపట్టారు.

ఈ బొమ్మ వల్ల పెద్ద ప్రయోజనం ఒకటుంది. సర్దుబాటు చేసే తర్కాన్ని అసలు పనిచేసే తర్కం నుంచి విడదీయమని అది చెబుతుంది. వీడియో విప్పి తెర మీద చూపే కోడ్‌లో మధ్యమధ్య వేగం తగ్గితే ఇలా చేయి అని ఇరికిస్తే, ఆరు నెలల తర్వాత ఆ నిర్ణయం ఎక్కడ జరుగుతోందో రాసినవాడికే తెలియదు. విడిగా ఉంచితే ఆ ఒక్క భాగాన్నీ మార్చవచ్చు, పరీక్షించవచ్చు, అవసరమైతే ఆపివేయవచ్చు. కానీ ఈ బొమ్మ గీసి పని అయిపోయిందనుకునేవాళ్ళను చాలామందిని చూశాను. నాలుగు పెట్టెలు గీయడం పది నిమిషాల పని. మధ్యలో ఉన్న జ్ఞానం అనే పెట్టెలో ఏముంది, అది తప్పని ఎప్పుడు ఎలా తెలుస్తుంది అన్నదానికే నెలలు పడుతుంది.

పరిస్థితి అంటే ఏమిటన్న ప్రశ్న కూడా అక్కడిదే. 2001లో అనింద్ డే అనే పరిశోధకుడు ఇచ్చిన నిర్వచనాన్ని ఎక్కువమంది వాడతారు: వాడేవాడికీ ప్రోగ్రామ్‌కూ మధ్య జరిగే వ్యవహారానికి సంబంధించిన మనిషి, చోటు లేదా వస్తువు స్థితిని తెలిపే ఏ సమాచారమైనా పరిస్థితి కిందికే వస్తుంది. ఎంత విశాలమైన నిర్వచనమంటే, ఏది వదిలేయాలో అది చెప్పదు. ఒక మామూలు ఉదాహరణ చూద్దాం. వైఫై మీద ఉంటే పెద్ద ఫైళ్ళు దించుకో, మొబైల్ డేటా మీద ఉంటే ఆగు అనే నియమం చాలా యాప్‌లలో ఉంటుంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారికి ఇది సరిగ్గా సరిపోతుంది. హాస్టల్ గదిలో ఒకరి ఫోన్ హాట్‌స్పాట్ మీద నలుగురు బతుకుతున్నచోట అది కొంప ముంచుతుంది. ల్యాప్‌టాప్‌కు కనపడేది వైఫై, అసలు ఖర్చయ్యేది స్నేహితుడి రోజువారీ డేటా కోటా. ప్రోగ్రామ్ చూసింది తప్పు కాదు, వైఫై నిజంగానే ఉంది. కానీ వైఫై అన్న చీటీని చూసి లెక్కలేనంత డేటా ఉందని అర్థం చెప్పుకుంది. ఆండ్రాయిడ్‌లో దీనికి చేసిన సవరణ ముచ్చటైనది. హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్, అవతలి పరికరానికి చిరునామా కేటాయించేటప్పుడే, ఇది కొలిచి ఖర్చుపెట్టాల్సిన డేటా అని ఒక చిన్న గుర్తు కూడా పంపుతుంది. అవతల ఉన్నది కూడా ఆండ్రాయిడే అయితే అది ఆ గుర్తును అర్థం చేసుకుంటుంది. యాప్ రాసేవారు కూడా వైఫైయా కాదా అని అడగకుండా, ఈ నెట్‌వర్క్ కొలత కిందికి వస్తుందా అని నేరుగా వ్యవస్థనే అడగవచ్చు. నిర్ణయానికి ఏది కావాలో దాన్నే అడగాలి, దానికి దగ్గర బంధువులా కనపడేదాన్ని అడిగి సరిపెట్టుకోకూడదు.

ప్లేయర్ తన కళ్ళను తానే మూసుకున్న వైనం

మళ్ళీ రైలులోకి వద్దాం. ఇంటర్నెట్‌లో వీడియోను సాధారణంగా కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ నాలుగైదు నాణ్యతల్లో సర్వర్‌లో ఉంచుతారు. యాపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన డాష్, రెండూ ఈ పద్ధతే. ఏ ముక్కను ఏ నాణ్యతలో తెప్పించుకోవాలో ప్లేయర్ నిర్ణయిస్తుంది. ముందుగా తెచ్చి దాచుకున్న నిల్వను బఫర్ అంటారు.

లెక్క వేసి చూస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. ముక్క నిడివి 4 సెకన్లు, నాణ్యత సెకనుకు 3 మెగాబిట్లు అనుకుందాం. ముక్క బరువు 12 మెగాబిట్లు. బఫర్‌లో 20 సెకన్ల వీడియో ఉంది. ఊరు దాటగానే వేగం సెకనుకు 1 మెగాబిట్‌కు పడింది. ఇప్పుడు ఒక్కో ముక్క రావడానికి 12 సెకన్లు పడుతుంది, వచ్చాక చేతికి దక్కేది 4 సెకన్ల వీడియో. మొదటి ముక్క వచ్చేసరికి బఫర్ 20 నుంచి 12కు దిగుతుంది, రెండోది వచ్చేసరికి 4కు. మూడో ముక్క దారిలో ఉండగానే 4 సెకన్లు అయిపోయి, తర్వాతి 8 సెకన్లు తెర మీద చక్రం తిరుగుతుంది. అదే మొదట్లోనే 800 కిలోబిట్ల నాణ్యతకు దిగి ఉంటే ముక్క బరువు 3.2 మెగాబిట్లు, రావడానికి 3.2 సెకన్లు, ప్రతి ముక్కకూ 0.8 సెకను మిగులు. అయితే ఆ వేగం తగ్గుదల రెండు సెకన్ల ముచ్చటే అయి ఉంటే? అప్పుడు అనవసరంగా బొమ్మ చెడగొట్టినట్టవుతుంది. తగ్గుదల నిలిచేదా, పోయేదా అన్నది ఆ క్షణంలో ప్లేయర్‌కు తెలిసే దారి లేదు.

తొలినాటి ప్లేయర్లలో చాలావాటి పద్ధతి సూటిగా ఉండేది: గత కొన్ని ముక్కలు ఎంత వేగంతో వచ్చాయో కొలిచి, అంతకంటే కాస్త తక్కువ నాణ్యత ఎంచుకోవడం. 2012లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఈ పద్ధతిలో ఒక విచిత్రమైన జబ్బును బయటపెట్టారు. ఒకే లైను మీద వీడియోతో పాటు ఏదో పెద్ద ఫైలు దిగుతోందనుకుందాం. లైను వేగం 5 మెగాబిట్లయితే న్యాయంగా వీడియోకు 2.5 దక్కాలి. బఫర్ నిండాక ప్లేయర్ ఒక ముక్క తెప్పించుకుని, కాసేపు ఖాళీగా ఉండి, మళ్ళీ ఇంకో ముక్క అడుగుతుంది. ఆ ఖాళీలో కింద పనిచేసే రవాణా పొర, అంటే ప్యాకెట్లు ఎంత వేగంగా పంపాలో తేల్చే భాగం, పాత వేగం మీద నమ్మకం పోయి, మళ్ళీ మొదటి నుంచి మెల్లగా మొదలుపెడుతుంది. ఈలోగా పక్కనున్న ఫైలు లైనంతా ఆక్రమించుకుని ఉంటుంది. వీడియో ముక్క తన న్యాయమైన వాటాకు చేరేలోపే అయిపోతుంది. ప్లేయర్ కొలుచుకున్న వేగం 2.5 కంటే చాలా తక్కువగా తేలుతుంది. సరే, లైను నెమ్మదిగా ఉందనుకుని చిన్న నాణ్యతకు దిగుతుంది. చిన్న నాణ్యత ముక్క ఇంకా చిన్నది, ఇంకా త్వరగా అయిపోతుంది, అది చూపించే వేగం ఇంకా తక్కువ. అలా మెట్టుమెట్టుగా దిగి, లైనులో సగం తనదే అయినా, అట్టడుగు నాణ్యతలో ఆగుతుంది.

ఇందులో అబద్ధం చెప్పినవారెవరూ లేరు. కొలత నిజమైనదే. కానీ ఆ కొలత లైను గుణాన్ని చెప్పలేదు, లైనును ప్లేయర్ వాడుకున్న తీరును చెప్పింది. ప్లేయర్ తన నీడను చూసి తానే బెదిరింది. ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది: పై పొరలో ప్లేయర్ ఒక చక్రం తిప్పుతోంది, కింది పొరలో రవాణా ప్రోగ్రామ్ ఇంకో చక్రం తిప్పుతోంది, ఒకదాని ఉనికి ఇంకోదానికి తెలియదు. విడివిడిగా రెండూ బుద్ధిమంతమైనవే.

అదే బృందం నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లతో కలిసి 2014లో ప్రచురించిన పరిష్కారం ఎంత సాదాగా ఉందంటే, మొదటిసారి చదివినప్పుడు ఇంతేనా అనిపించింది. వేగాన్ని అంచనా వేయడం దాదాపు మానేసి, బఫర్‌లో ఎంత ఉందో చూసి నాణ్యత ఎంచుకోవడమే. బఫర్ అడుగంటుతుంటే అన్నిటికన్నా తక్కువ నాణ్యత, నిండుగా ఉంటే అన్నిటికన్నా ఎక్కువది, మధ్యలో ఉంటే మధ్యస్తంగా. బావిలో నీటిమట్టం చూసి మడికి ఎంత పారించాలో తేల్చుకునే రైతుకు ఊట వేగం కొలిచే పరికరం అక్కరలేదు. వీడియో అప్పుడే మొదలై బఫర్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం వేగం అంచనా ఇంకా అవసరమేనని వారే గుర్తించారు. నిజమైన వినియోగదారుల మీద పరీక్షిస్తే, అప్పటి నెట్‌ఫ్లిక్స్ పద్ధతితో పోలిస్తే వీడియో ఆగిపోవడం 10 నుంచి 20 శాతం తగ్గింది. బఫర్ అనేది తన సొంత నిల్వ. దాన్ని ఖచ్చితంగా కొలవవచ్చు, పైగా లైను బాగోగులన్నీ చివరికి అందులోనే తేలతాయి.

ఎప్పుడు మార్చాలి, ఎవరెవరు మారుతున్నారు

మార్పు ఎప్పుడు చేయాలన్నది కొంత తేలికైన భాగం, దీని మీద పాత అవగాహన గట్టిగానే ఉంది. లండన్ ఇంపీరియల్ కళాశాలకు చెందిన క్రేమర్, మగీ 1990లోనే చెప్పారు: నడుస్తున్న వ్యవస్థలో ఒక భాగాన్ని మార్చాలంటే అది ఏ పనీ మధ్యలో లేని, కొత్త పని మొదలుపెట్టని నిశ్చల స్థితికి ముందు రావాలి. వీడియోలో ఆ నిశ్చలత ముక్కకూ ముక్కకూ మధ్య దొరుకుతుంది; ప్రతి ముక్కనూ ముందు ముక్క మీద ఆధారపడకుండా పూర్తి బొమ్మతో మొదలయ్యేలా కోస్తారు కాబట్టే అతుకు కనపడకుండా నాణ్యత మారుతుంది. మారే వీలు ముడిసరుకులోనే కోసి పెట్టారన్నమాట. క్విక్ అనే కొత్త రవాణా ప్రమాణంలోనూ, 2021లో ఖరారైంది అది, ఇలాంటి దూరదృష్టే కనపడుతుంది. పాత పద్ధతిలో ఒక సంబంధానికి గుర్తింపు రెండు చివరల చిరునామాలే. ఇంటి వైఫై దాటి వీధిలోకి వచ్చి ఫోన్ మొబైల్ డేటాకు మారితే చిరునామా మారుతుంది, సంబంధం తెగుతుంది. క్విక్‌లో సంబంధానికి చిరునామాతో పనిలేని సొంత సంఖ్య ఉంటుంది. ఇల్లు మారినా ఆధార్ సంఖ్య మారనట్టు, దారి మారినా సంభాషణ కొనసాగుతుంది.

తలనొప్పంతా పక్కవాళ్ళతోనే. బహిరంగ నెట్‌వర్క్‌లో మనం ఒక్కరమే సర్దుకోవడం లేదు, అందరూ ఒకేసారి సర్దుకుంటున్నారు. ఇంటర్ ఫలితాలు విడుదలయ్యే రోజు దీనికి మనకందరికీ తెలిసిన ఉదాహరణ. లక్షల మంది ఒకే నిమిషంలో హాల్‌టికెట్ నంబరు కొడతారు, సర్వర్ నెమ్మదిస్తుంది, జవాబు రాని ప్రతి ఒక్కరూ మళ్ళీ నొక్కుతారు. బర్క్‌లీలో ప్యాకెట్లు చేసిన పనే ఇక్కడ మనుషులు చేస్తారు. యాప్ కూడా దానంతట అది మూడేసిసార్లు ప్రయత్నించేలా రాసి ఉంటే, దాని వెనకున్న సర్వర్ కూడా డేటాబేస్‌ను మూడేసిసార్లు అడిగితే, మధ్యలో ఇంకో పొర కూడా అంతే చేస్తే, ఒక్క నొక్కుకు అట్టడుగున 27 విన్నపాలు చేరతాయి. అందుకే ప్రతి విఫలయత్నం తర్వాత ఆగే సమయాన్ని రెట్టింపు చేయాలి. అంతకంటే ముఖ్యంగా ఆ సమయానికి కొంత యాదృచ్ఛికత కలపాలి. అందరూ సరిగ్గా 1, 2, 4 సెకన్లకు తిరిగి వస్తే గుంపు చెదరదు, గుంపుగానే వచ్చి గుంపుగానే వెళ్తుంది. ఒక్కొక్కరు ఒక్కో తీరుగా ఆగితేనే తలుపు దగ్గర తొక్కిసలాట తగ్గుతుంది.

సర్వర్ వైపు కూడా ఇదే ఓపిక కావాలి. చాలా సర్వర్ల మీద ప్రోగ్రాములను నడిపించి చూసుకునే కుబెర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్‌లో రద్దీని బట్టి సర్వర్ నకళ్ళ సంఖ్యను పెంచే తగ్గించే భాగం, మామూలు అమరికలో 15 సెకన్లకోసారి పరిస్థితిని చూస్తుంది, లక్ష్యానికి పది శాతం అటూఇటూగా ఉంటే కదలదు, తగ్గించేముందు మాత్రం గత 300 సెకన్ల లెక్కలు చూసి అందులో అతి పెద్ద సంఖ్యనే పాటిస్తుంది. పెంచడంలో తొందర, తగ్గించడంలో తటపటాయింపు. 1988 నాటి నియమానికి ఇది సరిగ్గా తలకిందులు. కారణం ఒక్కటే, పొరపాటు ఖరీదు ఎక్కడ ఎక్కువ అన్నది. పంచుకునే దారి మీద ఎక్కువ పంపితే నష్టం అందరికీ; సొంత సర్వర్లు కాసేపు ఎక్కువ ఉంచుకుంటే పోయేది కొంత అద్దె మాత్రమే. ఏ వైపు త్వరపడాలో ఏ గ్రంథమూ ముందే చెప్పలేదు, పొరపాటు ఎవరి నెత్తిన పడుతుందో చూసి తేల్చుకోవాల్సిందే.

ఎక్కడ నేర్చిన పాఠం ఎక్కడ పనికొస్తుంది

ఇలాంటి ప్రోగ్రామ్‌ను పరీక్షించడం మామూలు ప్రోగ్రామ్‌ను పరీక్షించడంలా ఉండదు. ఇచ్చిన సమాచారానికి వచ్చిన జవాబు సరైనదా అని చూస్తే సరిపోదు, పరిస్థితి మారే తీరునే పరీక్షగా పెట్టాలి. వీడియో ప్లేయర్ల పరిశోధనలో విరివిగా వాడే నమూనాలు నార్వే రాజధాని ఓస్లోలో తీసినవి: అక్కడి ట్రాములు, బస్సులు, మెట్రో, పడవల్లో తిరుగుతూ 3జీ నెట్‌వర్క్ వేగం క్షణక్షణం ఎలా మారిందో నమోదు చేసి 2013లో అందరికీ అందుబాటులో ఉంచారు. 2017లో ఎంఐటీ పరిశోధకులు పెన్సీవ్ అనే ప్లేయర్‌కు, మనిషి రాసిన నియమాలేవీ లేకుండా, ఇలాంటి నమూనాల మీద అనుకరణలో, అంటే కంప్యూటర్‌లోనే సృష్టించిన ఉత్తుత్తి నెట్‌వర్క్ మీద, వేలసార్లు ఆడించి నిర్ణయాలు నేర్పారు. అనుకరణలో అది పాత పద్ధతులన్నిటినీ దాటేసింది.

స్టాన్‌ఫోర్డ్‌లో ఇంకో బృందం, పఫర్ అనే పేరుతో ఉచితంగా టీవీ చానెళ్ళు చూపించే వెబ్‌సైట్ పెట్టి, వచ్చిన ప్రతి ప్రేక్షకుడికీ లాటరీ వేసినట్టు ఏదో ఒక పద్ధతిని కేటాయించింది. 2020లో వారు ఫలితాలు ప్రకటించే నాటికి 63,508 మంది కలిసి 38.6 సంవత్సరాల నిడివిగల వీడియో చూశారు. నిజమైన ఇంటర్నెట్ మీద, అనుకరణలో చదువుకున్న తెలివైన ప్లేయర్లు ఆ సాదాసీదా బఫర్ పద్ధతిని దాటడానికి నానా తంటాలు పడ్డాయి. వారు తయారుచేసిన ఫుగూ అనే పద్ధతి మాత్రం గెలిచింది. ఫుగూకు పాఠం చెప్పింది అనుకరణ కాదు, పఫర్ ప్రేక్షకుల నుంచే వచ్చిన కొలతలు. పైగా అది ఫలానా ముక్క ఇన్ని సెకన్లలో వస్తుందని ఒకే అంకె చెప్పకుండా, ఎంత సమయానికి ఎంత అవకాశం ఉందో చెబుతుంది. 1988లో గడువు లెక్కలో కలిపిన ఊగిసలాటే ఇక్కడ కొత్త రూపంలో తిరిగి వచ్చింది.

పఫర్ ప్రేక్షకులంతా అమెరికాలోనివాళ్ళు. ఆ కొలతలతో సరిపోయిన అంకెలను తెచ్చి జనగామ, ఆలేరు మధ్య నడిచే రైలులో పెడితే అవి సరిపోతాయనడానికి ఆ ప్రయోగంలో ఆధారమేదీ లేదు. ఇక్కడి ప్రేక్షకుల కోసం ప్లేయర్ రాసేవారు ముందుగా చేయాల్సిన పని, ఈ పట్టాల మీద ఈ టవర్ల కింద, పగలూ రాత్రీ, కోటా అయిపోయి వేగం 64 కిలోబిట్లకు దిగిన తర్వాతి గంటల్లో కూడా, కొలతలు తీయడం.